చెప్పులు విడిచే చోటు

ఆ ఇంట్లో కాలు పెట్టిన మొదటిరోజే కోడలికి ముక్కు వాచింది. ఎవరూ కొట్టలేదు. తలుపు తీసే ఉందనుకుని నడిచింది. అది తలుపు కాదు, గోడ. అసలు గోడ కూడా కాదు, నిలువెత్తు అద్దం.

"ఏం కాదులే అమ్మాయ్, నాలుగుసార్లు గుద్దుకుంటే అదే అలవాటవుతుంది," అంటూ అత్తగారు తడిగుడ్డ అందించింది. "నాకు ఏడుసార్లు పట్టింది. పోస్టుమ్యాన్‌కి ఇప్పటికీ అలవాటు కాలేదు."

ఆ ఇల్లు కట్టించింది మామగారి తండ్రి. అరవై ఏళ్ల కిందటి మాట. ఊరంతా మేడ మీద మేడ లేపుతూ, కిటికీలకు ఊచల మీద ఊచలు బిగించుకుంటున్న రోజుల్లో ఆయన ఒకటే అంతస్తు, పలకలాంటి చదును కప్పు, కింద సన్నటి ఇనుప స్తంభాలు, చుట్టూ నేల నుంచి కప్పుదాకా అద్దాలు పెట్టించి, ఇదే ఇల్లన్నాడు. హాల్లో పరిచిన నల్లరాయి హాల్లో ఆగదు. అద్దం కిందనుంచి అలాగే సాగి, వీధివైపే ఉన్న పెరట్లోకి పోయి, అక్కడ గడ్డిలో కలిసిపోతుంది. మధ్యలో గడప అన్నది లేదు. హాలు నడుమ ఒక చెట్టుంది. అది ఇంటికంటే ముందునుంచీ అక్కడే ఉందట. కొట్టడానికి మనసొప్పక పెద్దాయన కప్పుకే కన్నం పెట్టించాడు. వానొస్తే ఆ చుట్టుపక్కల కూర్చున్నవాళ్లు గొడుగు వేసుకుని పేపరు చదువుకోవాలి.

"మా నాన్న ఆకాశాన్ని ఇంట్లోకి పిలిచాడమ్మా," అని మామగారు కొత్తకోడలికి గర్వంగా చెప్పాడు.

"పిలవకుండానే దోమలూ వచ్చాయి," అంది అత్తగారు.

వీధిలో అందరూ ఆ ఇంటిని చేపలతొట్టి అనేవాళ్లు. రోడ్డవతల కొట్టు పెట్టుకున్న టైలరు, "చేపలతొట్టి ఎదురుగానండీ" అనే తన అడ్రసు చెప్పుకునేవాడు. ఆ ఇంట్లో ఆ పూట కూరేమిటో, కోడలు అలిగిందో లేదో కూడా మిషను తొక్కుతూనే చెప్పగలడు.

వాకిట్లో, అంటే వాకిలి ఉండాల్సిన చోట, ఒక రాతిపలక ఉంది. దానిమీద పెద్దాయన చెక్కించిన మాట: 'ఈ ఇంటికి లోపల, బయట అని రెండు లేవు.' అది చదివాక వచ్చిన చుట్టాలకు చెప్పులెక్కడ విడవాలో తోచేది కాదు. ఒకరు పలక దగ్గర విడిస్తే, ఒకరు అద్దం దగ్గర, ఇంకొకరు ఏకంగా చెట్టు మొదట్లో. ఇంట్లోవాళ్లూ తక్కువేం కాదు. అత్తగారు వంటగది మొదట్లో విడిచేది. కోడలి భర్త లిఫ్టు మెకానిక్. ఎప్పుడూ ఏదో లిఫ్టు ఎక్కడో ఇరుక్కుపోయిన ఆలోచనలోనే ఇంటికొస్తాడు కాబట్టి ఒక చెప్పు పెరట్లో, రెండోది మంచం కింద దొరికేవి. మామగారు మాత్రం అసలు విడిచేవాడే కాదు.

"లోపల అంటూ ఉంటే కదా, విడవడానికి?" అనేవాడు. పెరడూ, హాలూ, పడగ్గదీ అన్నీ ఒకే జతమీద తిరిగేవాడు. ఆయన వెనకాలే అత్తగారు తడిబట్ట పట్టుకుని తిరిగేది. పెళ్లైన దగ్గర్నుంచీ అలా ఎన్ని ఊళ్ల దూరం నడిచిందో ఆవిడకే తెలియాలి.

ఇవన్నీ కోడలు నవ్వుతూనే సర్దుకుంది. బిడ్డ పుట్టాక కూడా సర్దుకుంది. బుడ్డి అని పిలుచుకునే ఆ పిల్ల పాకడం మొదలుపెట్టిందీ, కోడలికి నిద్ర పోయింది.

ఎందుకంటే ఆ ఇంట్లో కుంట ఉంది. మోకాలి లోతు, మంచమంత వెడల్పు, రెండు మంచాలంత పొడుగు. సగం హాల్లో, సగం పెరట్లో. అద్దం పైనుంచి దిగి దిగి నీటికి బెత్తెడు ఎత్తులో ఆగిపోతుంది. ఎర్రచేపలు పొద్దున హాల్లోకొచ్చి మెతుకులు తిని, మధ్యాహ్నం పెరట్లోకి పోయి ఎండ కాచుకుంటాయి. ఆ ఇంట్లో హాయిగా బతుకుతున్నది ఆ చేపలొక్కటే. కుంటకి గట్టు లేదు. నేలా నీళ్లూ ఒకే మట్టానికి ఉంటాయి. నల్లరాయి ఎక్కడ ఆగిందో, నల్లటి నీళ్లెక్కడ మొదలయ్యాయో పెద్దవాళ్లే వంగి చూసుకోవాలి. పది నెలల పిల్లకేం తెలుస్తుంది?

కోడలు మొదట కుర్చీలన్నీ కుంట చుట్టూ కోటగోడలా పేర్చింది. కానీ ఆ ఇంట్లో కుర్చీలూ, సోఫాలూ, ఆఖరికి బీరువా కూడా కొంగకాళ్ల మీద నిలబడి ఉంటాయి. కింద నుంచి గాలి ఆడాలని పెద్దాయన అలా చేయించాడు. గాలితోపాటు బుడ్డీ ఆడింది. సోఫా కింద దూరి, అవతల తేలి, కుంట వైపు తిరిగి "బ్బ" అంది.

నీళ్లు తీసేద్దామంటే చెట్టు వేళ్లకి ఆ నీళ్లే ఆధారం. పైగా ఆ ఇల్లు ఎప్పుడో పాతకట్టడాల ఆఫీసువాళ్ల పట్టికలోకి ఎక్కింది. పట్టికలో 'నీళ్లున్న కుంట' అని రాసుంది. నీళ్లు లేకపోతే అది ఆ కుంట కాదు, అది ఆ కుంట కాకపోతే ఇది ఆ ఇల్లు కాదు.

"మరి మీరెలా పెంచారు అత్తయ్యా, ఈయన్ని?" అంది కోడలు ఒకరోజు, బుడ్డిని చంకలోంచి దించలేక, నడుం నిలబడక.

"పాత దుప్పటి చింపి చెట్టుకి కట్టేశానే. రెండేళ్లు. ఇప్పటికీ చూడు, ఎక్కడ చెట్టు కనబడినా వాడు పక్కన నిలబడిపోతాడు."

కోడలు ఆలోచించి చూసింది. నిజమే. పెళ్లిచూపులనాడు కూడా ఆయన చెట్టు పక్కనే నిలబడ్డాడు.

ఆ సాయంత్రం భర్తతో చెప్పింది. "ఏమండీ, కుంట చుట్టూ కంచె వేయించండి. నాకు కంటిమీద కునుకు లేదు. కళ్లు మూస్తే చాలు, చప్పుడు వినిపిస్తోంది."

"ఏం చప్పుడు?"

"బుడుంగుమని."

అతను తల గోక్కున్నాడు. "కంచె వెయ్యడం నాకు గంట పని. కానీ ఆఫీసువాళ్లు ఒప్పుకోవాలిగా? మా లిఫ్టుల్లో ఈ గొడవ లేదు. డబ్బాలో ఉన్నవాడు లోపల, లేనివాడు బయట. మధ్యలో ఉన్నవాడి కోసం నాకు ఫోన్ చేస్తారు."

మర్నాడు కోడలే బుడ్డిని ఎత్తుకుని ఆఫీసుకి పోయింది. అక్కడ రెండు బల్లలున్నాయి. ఒకదాని మీద 'లోపల' అని, రెండోదాని మీద 'బయట' అని బోర్డులు. ఇద్దరు పెద్దమనుషులూ వియ్యంకులట. లోపలాయన కూతుర్ని బయటాయన కొడుక్కి ఇచ్చారు. అప్పట్నుంచి ఒకరి మాట ఒకరు కాదనరు. ఆ మర్యాదల వల్లే ఆఫీసులో పని కదలదు.

"కుంటా? అయితే బావగారిదే," అన్నాడు లోపలాయన.

"అబ్బెబ్బే, హాల్లో ఉందంటోందిగా అమ్మాయి! మీరుండగా నేనెలా చెయ్యి పెడతాను?" అన్నాడు బయటాయన.

"సగం పెరట్లో ఉందటగా. ముందు మీరు."

"మీరే ముందు. పెద్దవారు."

ఇద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్కలా నిలబడి, కోడలు అసలు రూలేమిటో చూపించమంది. ఆమె చదువు తొమ్మిదో తరగతితోనే ఆగిపోయింది. కానీ భయం ఉన్నవాళ్లు చదివినంత శ్రద్ధగా డిగ్రీలున్నవాళ్లు చదవరు. వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పుస్తకమంతా చదివింది. బుడ్డి ఒక పేజీ మూల నమిలేసింది కూడా. ఏడో రూలు: 'బయట మేకు కొట్టరాదు, వస్తువు పెట్టరాదు, తీయరాదు. లోపల ఇంటివారి ఇష్టం.' పదకొండో రూలు: 'ఎక్కడిదాకా బయట, ఎక్కణ్నుంచి లోపల అని సందేహం వచ్చినచో, ఇంటి పెద్ద చెప్పులు విడిచే చోటు నుంచి లోపల అనబడును.'

"ఇదిగోండి!" అంది కోడలు. కుంటకి ఇవతల, రాతిపలక దగ్గర చెప్పులు విడిస్తే సరి. పలక నుంచి ఇంటిదాకా అంతా లోపలే. కుంటా లోపలే. కంచె మా ఇష్టం!

వియ్యంకులిద్దరూ ఆ పేజీ ఇంతకుముందెప్పుడూ చూసినట్టు లేరు. ఒకరికొకరు చూపించుకుని, "మీరు చెబితే సరే", "మీరు చెబితే సరే" అనుకుని, వచ్చే సోమవారం చూడటానికొస్తామన్నారు.

కోడలు కాలు నేలమీద నిలవకుండా ఇంటికొచ్చింది. వాకిట్లోకి వచ్చాకగానీ గుర్తు రాలేదు, ఇంటి పెద్ద చెప్పులు విడవడని.

సోమవారం వచ్చారు. బయటాయన పెరట్లో కుర్చీ వేయించుకున్నాడు, ఉద్యోగధర్మంగా అద్దం దాటి రానన్నాడు. లోపలాయన హాల్లో కూర్చున్నాడు. ఇద్దరూ అద్దానికి చెరోవైపు నుంచి నోళ్లు కదుపుతూ, చేతులు ఊపుతూ క్షేమసమాచారాలు కనుక్కున్నారు. మామగారికి పట్టలేనంత సంతోషం. ఇల్లు చూడ్డానికి మనుషులొస్తే ఆయనకి ఆకలి వెయ్యదు.

"రండి రండి, ఇది చూడండి, కప్పు ఎలా తేలుతోందో! ఇది చూడండి, వంటగదిలోంచి కూడా ఆకాశం!" అంటూ చెప్పుల కాళ్లతో టపటపలాడుతూ గదిగదికీ తిప్పాడు. కోడలు వెనకాల నుంచి కళ్లతో సైగలు చేసింది. అత్తగారు దగ్గింది. భర్త ఒకసారి కాలు కూడా తొక్కాడు. ఊహూఁ. ఆయన అడుగు పెట్టిన ప్రతి గదినీ లోపలాయన పుస్తకంలోని 'లోపల' పట్టీలోంచి కొట్టేస్తూ వచ్చాడు.

వారానికి కాగితం వచ్చింది. 'ఇంటి పెద్ద చెప్పులతో సంచరించినందున హాలు, వంటగది, పడకగదులు అన్నియు బయట అని తేలినది. చెప్పులు విడిచినట్టు ఆధారమున్న స్నానాలగది ఒక్కటే లోపల. బయట పెట్టరాని వస్తువులైన ఉయ్యాల, దోమతెర, పిల్లబట్టలు ఆరవేసిన తాడు తొలగించవలెను. మూడు వారాల్లో మళ్లీ వచ్చి చూడబడును.'

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. కంచె అడగబోతే ఉయ్యాల పోయింది.

"అంటే మనం పెరట్లో కాపరం చేస్తున్నామా?" అన్నాడు భర్త.

"నేను వచ్చిన మొదటిరోజే ఆ మాట అన్నాను," అంది అత్తగారు. "ఎవరు విన్నారు? రేపట్నుంచి ఆ స్నానాలగదిలోకే స్టవ్ మార్చుకుంటాను."

ఆ మూడు వారాలూ ఇల్లంతా చెప్పుల మీదే నడిచింది. అత్తగారు, భర్త, కోడలు రాతిపలక దగ్గరే వరసగా, బడిపిల్లల్లా చెప్పులు విడవడం మొదలుపెట్టారు. పోస్టుమ్యాన్ చేతా విడిపించారు. ఆయన అద్దానికి గుద్దుకోవడం కూడా తగ్గించాడు, కాళ్లు చల్లబడితే కళ్లు తెరుచుకుంటాయట. మామగారు ఒక్కడే దారికి రాలేదు. అత్తగారు చెప్పులు దాచేస్తే కొత్తవి కొనుక్కొచ్చాడు. అవి దాచేస్తే భార్యవే తొడుక్కుని తిరిగాడు, వేళ్లు బయటికి పొడుచుకొస్తున్నా.

చివరికి కోడలే వెళ్లి ఎదురుగా నిలబడింది. ఆయన అప్పుడు అద్దాలు తుడుస్తున్నాడు. రోజూ పొద్దున్నే తుడుస్తాడు, ఆ ఇంటి పనుల్లో ఆయన చేసేది అదొక్కటే.

"మామయ్యగారూ, ఒక్కరోజు. ఆ ఒక్కరోజు పలక దగ్గర విడవండి. మీ కాళ్లు నేనే కడుగుతాను."

ఆయన గుడ్డ ఆపలేదు. "చెప్పులదేముందమ్మా. అవి విడిస్తే మా నాన్న మాట విడిచినట్టు. ఆయన పోతూ పోతూ ఈ పలకే చూశాడు. 'గీత గియ్యనివ్వకురా' అన్నాడు."

"పాపకి ఏమైనా అయితే?"

ఆయన చెయ్యి ఆగింది. అద్దంలో ఆయన ముఖం కొంచెం చిన్నబోయింది. "నేను చూస్తూనే ఉంటాగా తల్లీ," అన్నాడు, నీళ్లు నములుతూ. "ఈ ఇంట్లో ఎక్కణ్నుంచి చూసినా అన్నీ కనబడతాయి. అందుకేగా అద్దాలు."

కోడలికి ఆ మాట మీద కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. కనబడటం వేరు, అందడం వేరు. వెళ్లి బుడ్డి మొలకి మువ్వ కట్టింది, కనబడకపోయినా వినబడుతుందని. ఉయ్యాల తీయమన్న కాగితాన్ని ఉయ్యాలలోనే పరుపు కింద పెట్టింది.

రావాల్సిన రోజు రానే వచ్చింది. ఎప్పటిలాగే బయటాయన పెరట్లో, లోపలాయన హాల్లో. రాతిపలక దగ్గర చెప్పులు బారు తీరి ఉన్నాయి. మామగారు మాత్రం పాత జత తొడుక్కుని, బయటాయనతో పెరట్లో నిలబడి కప్పు అంచు చూపిస్తున్నాడు. కోడలు పెరట్లో టీ ఇచ్చి, హాల్లో లోపలాయనకి ఇస్తోంది. అత్తగారి చేతిలో బుడ్డి. భర్త అలవాటు కొద్దీ చెట్టు పక్కన నిలబడ్డాడు.

"మరి ఇంటి పెద్ద చెప్పులు ఇంకా కాళ్లకే ఉన్నట్టున్నాయి," అన్నాడు లోపలాయన పెన్ను తెరుస్తూ.

"అయ్యా, ఒక్క నిమిషం ఆగండి," అని అత్తగారు బుడ్డిని నేలమీద దించి, అద్దం మీద టకటక కొట్టింది. "ఏమండీ! విడవండి! ఇప్పుడన్నా విడవండీ!"

అద్దం అవతల మామగారికి వినబడక, చెయ్యి ఊపి నవ్వాడు.

అంతే. మువ్వ ఒకసారి మోగింది. తర్వాత మోగలేదు.

కోడలు ఇన్నాళ్లూ కళ్లు మూసుకుంటే విన్న చప్పుడు అది కాదు. ఇంత చిన్న చప్పుడని ఆమె అనుకోలేదు. చెంచా నీళ్లలో జారినట్టు. హాల్లో కుంట మీద ఒక వలయం, దాని నడుమ ఎవరూ లేరు. తల తిప్పి చూస్తే అద్దం కింద బెత్తెడు సందులోంచి పసుపుగౌను, ఎర్రచేపల వెంట, అవతలికి పోతోంది.

ఆమె టీ కప్పు వదిలేసి పెరట్లోకి పరిగెత్తింది. తలుపనుకుంది. కాదు. ముక్కు ఫట్‌మంది. ఈసారి నొప్పి తెలియలేదు. వెనక్కి తిరిగి కుంటలోకే దూకి, మోకాళ్ల మీద పడి, తల నీళ్లలో ముంచి అద్దం కిందనుంచి దూరింది.

అవతల తల పైకెత్తేసరికి మామగారు నీళ్లలో ఉన్నాడు. ఆ తర్వాత మిషను దగ్గర్నుంచి అంతా చూసిన టైలరు చెప్పిన మాట ఇది: మామగారు దూకాలని ఒక అడుగు వేశాడు, చెప్పు జారింది. జారే కాలితో దూకలేక మొదటిది విదిలించాడు, అది కుంట అంచున పడింది. రెండోది విదిలించిన ఊపుకి వీధివైపు పిట్టగోడ మీదుగా లేచి, రోడ్డు మీద గాల్లో రెండు పల్టీలు కొట్టి, సరిగ్గా తన కొట్టు మెట్టు మీద, కుట్టడానికిచ్చిన జాకెట్టు గుడ్డ మీద బోర్లా పడింది.

బుడ్డి ఆయన చేతుల్లో ఉంది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత దగ్గింది. నీళ్లు కక్కింది. ఆ తర్వాత ఎత్తుకున్న ఏడుపుకి మిషను కూడా ఆగిపోయింది. ఆ ఏడుపు కంటే మంచి పాట కోడలు జన్మలో వినలేదు.

"లోపలికి!" అని మామగారు అరుస్తున్నాడు. ఒళ్లంతా తడిసి వణుకుతున్నాడు. "గాలి తగులుతోంది, పిల్లని లోపలికి తీసుకుపోండి! లోపలికి!"

ఆయన నోట ఆ మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"ఏ లోపలికండీ?" అంది అత్తగారు. వెటకారం కాదు. ఆవిడ కళ్లనిండా నీళ్లున్నాయి. కానీ ఇన్నేళ్ల అలవాటు నాలుక మీంచి ఎక్కడికి పోతుంది?

ఆయన పిల్లని కోడలి చేతుల్లో పెట్టి, పాదాల వైపు చూసుకున్నాడు. వట్టి పాదాలు. రాయి చల్లగా తగిలిందో ఏమో, వేళ్లు ముడుచుకున్నాడు.

పొడిబట్టలు, కషాయం, డాక్టరమ్మ వచ్చి ఛాతీ చూసి "ఏం భయం లేదు" అనడం, అన్నీ అయ్యేదాకా వియ్యంకులిద్దరూ చెరోవైపు కదలకుండా నిలబడే ఉన్నారు. తర్వాత లోపలాయన గొంతు సవరించుకున్నాడు.

"పాప పడింది నావైపే. ఒప్పుకుంటాను."

"తేలింది నావైపు," అన్నాడు బయటాయన, బెత్తెడు సందు దగ్గర నోరు పెట్టి. "మీ మాట తీసేస్తానని కాదు బావగారూ, కానీ కుంట ఒక్కటే అని ఇప్పుడు తేలిపోయింది."

"తేలిపోయింది. ఇక ఇంటి పెద్ద చెప్పులు..."

"కుంట అంచున ఒకటుంది."

"ఒక చెప్పు తీస్తే విడిచినట్టు కాదు బావగారూ. రెండోది తీస్తేనే విడిచినట్టు. జతలో రెండోది ఎక్కడ పడితే అదే హద్దు."

ఇద్దరూ టేపు పట్టుకుని పిట్టగోడ దాకా వెళ్లారు. పిట్టగోడ దాటారు. బస్సుకి దారి ఇచ్చి, రోడ్డు దాటారు. టైలరు మెట్టు దగ్గర వంగి, చెప్పు చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, రాసుకున్నారు. అరవై ఏళ్లలో ఆ ఇంటికి గీసిన మొదటి గీత అదే. మామగారు పిట్టగోడ దగ్గర వట్టికాళ్లతో నిలబడి చూశాడు.

"అదేంటి సార్, నా కొట్టు వాళ్ల గుమ్మంలో ఉన్నట్టా?" అన్నాడు టైలరు.

"గుమ్మం పక్కన. పిట్టగోడ, కరెంటు స్తంభం, మధ్యలో రోడ్డు, ఇవన్నీ లోపల."

వారం తిరక్కుండా కాగితం వచ్చింది. ఎక్కడా కొట్టివేతలు లేవు. ఇద్దరూ సంతకాలు పెట్టారు, ముందు ఎవరు పెట్టాలన్న దగ్గరే రెండు రోజులు పట్టిందట. టైలరు మెట్టు నుంచి ఇంటి వెనక గోడ దాకా అంతా లోపల. కుంట లోపల. ఉయ్యాల లోపల. కంచె ఇంటివారి ఇష్టం. కిందన సన్నటి అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది: 'ఇంటి పెద్ద ఇకమీదట అదే చోట చెప్పులు విడవవలెను. లేనిచో హద్దు మారును.'

భర్త ఆదివారం నాడు ఎక్కడో పీకేసిన పాత లిఫ్టు గేటు తెచ్చాడు, లాగితే సాగి, తోస్తే ముడుచుకునే జాలీ ఇనుప గేటు. కోసి, అతికి, కుంట చుట్టూ బిగించాడు. పచ్చరంగు కూడా వేశాడు. "ఇక ఇందులో ఇరుక్కున్నా నాకే ఫోన్," అన్నాడు.

మామగారు రోజూ పొద్దున్నే రోడ్డు దాటి, టైలరు మెట్టు మీద సుద్దగీతలో చెప్పులు విడిచి, వట్టికాళ్లతో మళ్లీ రోడ్డు దాటి ఇంటికొస్తున్నాడు. ఒకరోజు కోడలు పెట్టిన కాఫీ తాగుతూ అన్నాడు, "మా నాన్న తప్పేం చెప్పలేదమ్మా. కొంచెం తక్కువ చెప్పాడు. రోడ్డు కూడా ఇంట్లోదే."

"అలాగే అనుకోండి," అంది అత్తగారు. "ఎలాగూ ఇవాళ రోడ్డు ఊడిచే వంతు మీదే."

ఆ లిఫ్టు గేటు పట్టుకునే బుడ్డి ఒక మధ్యాహ్నం లేచి నిలబడింది. చేపల్ని చూసి "బ్బ" అంది. గేటు పట్టుకుని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. తర్వాత గేటు వదిలేసింది. మూడు అడుగులు. నాలుగో అడుగు వాకిలి వైపు.

కోడలి గుండెల మీంచి కుంట దిగింది. దాని జాగాలో రోడ్డు ఎక్కి కూర్చుంది.

మర్నాటి నుంచి ఆమె చంకలో పిల్లతో రోడ్డు నడుమ నిలబడటం మొదలుపెట్టింది. ఇటుకల లారీ ఒకటి హారను కొట్టుకుంటూ వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏమయ్యా! హాల్లో అంత స్పీడా? చంటిపిల్ల తిరిగే ఇల్లు!"

డ్రైవరు బ్రేకు వేసి తల బయట పెట్టాడు. ఇటు చూస్తే అద్దాల గోడల్లోంచి సోఫా, చెట్టు, ఉయ్యాల కనబడుతున్నాయి. అటు చూస్తే టైలరు మెట్టు మీద చెప్పులు వరసగా పెట్టి ఉన్నాయి.

"వాళ్లిల్లేనయ్యా," అన్నాడు టైలరు, సూదిలో దారం ఎక్కించుకుంటూ. "కాగితం కూడా ఉంది."

డ్రైవరు కాసేపు ఆలోచించాడు. తప్పు తనదే అయి ఉంటుందనుకున్నాడేమో, దిగి, చెప్పులు మెట్టు మీద విడిచి, మళ్లీ ఎక్కాడు.

"తెలియక వచ్చేశానమ్మా, ఏమీ అనుకోకండి," అని, వట్టికాలితో గేరు మార్చుకుని, పిల్లి నడిచినట్టు మెల్లగా హాలు దాటించాడు. సందు చివరిదాకా పోయాక గుర్తొచ్చి, చెప్పుల కోసం నడుచుకుంటూ వెనక్కి వచ్చాడు.